ఒకే కడుపు, రెండు మెడలు

యాసిగే నవ్విందంటే కొండచరియ కింద ఉల్లిమళ్ళకు నీళ్ళు పోస్తున్న ఆడవాళ్ళంతా పని ఆపి తలెత్తేవాళ్ళు. అంత పెద్ద గొంతు ఆమెది. ఆ గొంతు మీద, గడ్డం కింద నుంచి రొమ్ము మొదలు దాకా, కాస్త ఎడమకు ఒరిగి, రెండు పిడికిళ్ళంత వాపు. నవ్వినప్పుడు అది కూడా కదిలేది. చంటిపిల్లలు ఆమె చంకెక్కితే ముందు దాన్నే పట్టుకునేవాళ్ళు.

వాళ్ళ ఊరు పెలూగోలో అదేమీ వింత కాదు. మగవాళ్ళలో సగానికి, ఆడవాళ్ళలో ఇంచుమించు అందరికీ మెడ ఎంతో కొంత ఉబ్బే ఉండేది. నలుగురు పిల్లల్ని కన్న మనిషికి మెడ నున్నగా ఉంటే, "ఏమే, మొగుడు తిండి పెట్టట్లేదా?" అని అడిగేవాళ్ళు. ఆ వాపునే ఊళ్ళో మెడ అనేవాళ్ళు, ఆడవాళ్ళు దానికి కొలతలు కూడా పెట్టుకున్నారు. కొత్తగా వస్తే పావురం గుడ్డు. ఆ తర్వాత కోడిగుడ్డు. అదీ దాటితే ఉల్లి ఉండ. పచ్చి ఉల్లికాడలు దంచి, గుండ్రంగా చేసి, బండల మీద ఎండబెట్టే ఉండలే ఆ ఊరి పంట, ఆ ఊరి గొప్ప. యాసిగేది ఉల్లి ఉండల్లోకెల్లా పెద్దది.

ఐదు రోజులకోసారి వచ్చే సంతల్లో ఆమె ఆ ఉండలు అమ్మేది, సజ్జలతో కాచిన కల్లు పోసేది. కొండ మీద ఒక సంత, కొండ కింద ఒక సంత, దిగువన ఇసుక నేలలో ఇంకొకటి. ఆ దేశంలో మనిషి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇంకో ఊరు చేరితే అక్కడ మాట మారిపోతుంది. అందరూ డోగోన్ తెగవాళ్ళే, అందరి పలకరింపూ "సేవో"తోనే ముగుస్తుంది, కానీ మధ్యలో చెప్పేది ఒకరిది ఒకరికి అర్థం కాదు. యాసిగేకు అలాంటి భాషలు ఆరు వచ్చు. ఎలా నేర్చుకున్నావంటే, "బేరానికి సగం, తిట్టటానికి సగం" అనేది.

పెద్ద కరువు తగ్గిన రెండో ఏడు, ఉల్లి కోతలు అయిపోయిన రోజుల్లో, రాజధాని బమాకో నుంచి ఒక డాక్టరు వచ్చాడు. కారు కొండపైనే ఆగిపోయింది. బండల సందులోని దారి వెంట పెట్టెలు మోయించుకుంటూ, చెమటలు కక్కుతూ దిగాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, బక్కపలచటి మనిషి. తనతో బయల్దేరిన నర్సమ్మకు దారిలో జ్వరం తగిలితే బండియాగరా పట్నంలో దింపేసి వచ్చాడట.

ఊరి పెద్ద అపోమీ అతన్ని మగవాళ్ళ చావడిలో కూర్చోబెట్టాడు. నిలబడితే తల తగిలేంత పొట్టి కప్పు ఆ చావడిది. కోపమొచ్చినా ఎవరూ లేవలేరు. యాసిగే అతిథి కోసం కల్లు కుండ తెచ్చి బయట నీడలో దించింది. ఊరి ఆడవాళ్ళు ఆమె వెనకే చేరారు. పలకరింపులన్నీ అయ్యాయి. ఊరు బాగుందా, ఇల్లు బాగుందా, దారి బాగుందా, నిద్ర బాగుందా. అంతా బాగుంది, సేవో. అప్పుడు అపోమీ తాపీగా అడిగాడు.

"ఏ ఊరు నాయనా మీది?"

"మోప్తీ, తాతా. ఏటి ఒడ్డునే."

"ఇంటిపేరు?"

డాక్టరు తలొంచుకుని చిన్నగా నవ్వాడు. "కరాబెంతా."

చావడి చావడంతా గొల్లుమంది. అది బోజోల ఇంటిపేరు. బోజోలు ఏటి మీద చేపలు పట్టేవాళ్ళు. డోగోన్‌కూ బోజోకూ తాతల నాటి ఒప్పందం ఉంది: కనబడితే చాలు ఒకర్నొకరు తిట్టుకోవాలి, ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు. తిట్టకపోతేనే తప్పు.

"ఒరేయ్ చేపల బుట్టలో పుట్టినోడా!" అన్నాడు అపోమీ చేతికర్ర నేలకేసి కొడుతూ. "డాక్టరు గారూ డాక్టరు గారూ అని ఇంతసేపు నీకు మర్యాద చేశాన్రా! ముందే ఏడవొచ్చుగా!"

"నా బానిసలెలా ఉన్నారో చూసిపోదామని వచ్చా తాతా. లే, లేచి కాళ్ళకి నీళ్ళియ్యి."

"నీళ్ళిస్తే వీడు ఈదుకుంటూ పారిపోతాడు, ఇవ్వొద్దు!" అని కేకేసింది యాసిగే బయట నుంచి.

డాక్టరు వంగి, చావడి స్తంభాల మధ్య నుంచి ఆమెను చూశాడు. మెడ చూశాడు. "అక్కా, నా చేపని దొంగతనంగా మింగేశావు గదా. అక్కడే ఇరుక్కుంది చూడు. తీసుకుపోదామనే వచ్చా."

"చేప కాదురా తమ్ముడూ. పోయిన సంతలో ఒక బోజోవాడు నాతో బేరమాడాడు. వాణ్ణి మింగా. ఇంకా అరగలా."

అపోమీకి నవ్వుతో దగ్గొచ్చింది. డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అతను ఏం అడిగినా ఆ ఊరు కాదనలేదు.

మూడు రోజులు కొలతలు జరిగాయి. నిలబెట్టి ఎత్తు కొలిచాడు, తల చుట్టూ టేపు తిప్పాడు, చేతుల పొడవు, పాదాల పొడవు రాసుకున్నాడు. చివర్లో ఎదురుగా నిలబడి రెండు బొటనవేళ్ళతో గొంతు తడిమి, "మింగు" అనేవాడు. మింగినప్పుడు వాపు పైకి కిందికీ ఎలా కదులుతుందో చూసేవాడు. దాన్ని గాయిటర్ అంటారని చెప్పాడు. ఒక్కొక్కరికీ ఒక చిన్న సీసా ఇచ్చి, గోడ చాటుకెళ్ళి ఉచ్చ పోసి తెమ్మన్నాడు. దాన్ని బమాకోలో పరీక్ష చేస్తారట.

"మేం బమాకో చూడకపోయినా మా ఉచ్చయినా చూస్తుందిలే," అంది యాసిగే. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు.

చిక్కల్లా రక్తం దగ్గర వచ్చింది. వేలి చివర ఒక్క చుక్క చాలు. కానీ బోజో చేత్తో డోగోన్ రక్తం చిందకూడదు, డోగోన్ చేత్తో బోజో రక్తం చిందకూడదు. తిట్లు ఎంత నిజమో అదీ అంతే నిజం. డాక్టరు చదువుకున్నవాడే. అయినా సూది చేత్తో పట్టుకుని, అపోమీ వేలు చూసి, మళ్ళీ సూది డబ్బాలో పెట్టేశాడు.

"నా వల్ల కాదు తాతా. మా అమ్మకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు."

"నా వల్లా కాదురా. నువ్వు పొడిస్తే మా తాత లేచొస్తాడు."

యాసిగే ముందుకొచ్చింది. "ఇటివ్వు. నేను డోగోన్‌నేగా. ఇరవై ఏళ్ళుగా ఉల్లి దంచుతున్నా, వేలు ఎక్కడుందో నాకు తెలుసు."

అతను చేతులు కడగటం నేర్పాడు. మనిషికో కొత్త సూది, దూదితో తుడవటం, గుచ్చి వెంటనే తీసెయ్యటం, చుక్కను గాజు పలక మీద అద్దటం చూపించాడు. ఆమె మొదటి వేలుగా ఊరి పెద్దదే తీసుకుంది. "తాతా, అటు చూడు, ఆ గాడిద ఏం చేస్తోందో" అంది. తాత అటు తిరిగేలోపు పని అయిపోయింది. సాయంత్రానికి నూట నలభై మందిని పొడిచింది. పిల్లలకు పాట పాడుతూ, కోడళ్ళను ఏడిపిస్తూ, ఒక్కరికీ రెండోసారి గుచ్చే పని పడనీయకుండా.

చివరికి ఆమెను పొడిచే మనిషి మిగల్లేదు. మొగుణ్ణి పిలిచారు. ఆంతింబే నేతగాడు. తెగిన దారాన్ని కళ్ళు మూసుకుని ముడెయ్యగలడు. పెళ్ళాం వేలు చూడగానే సూది వెనక్కి లాక్కున్నాడు. "ఎన్నేళ్ళ నుంచి కాచుకున్నావయ్యా ఈ రోజు కోసం? కానియ్!" అంది ఆమె. మూడోసారికి గుచ్చాడు. గుచ్చి తానే "అబ్బా" అన్నాడు.

నాలుగో రోజు డాక్టరు చావడిలో కూర్చుని తన తలనొప్పి చెప్పుకున్నాడు. ఈ ఊళ్ళో పదిమందిలో ఎనిమిది మందికి మెడ ఉంది. కొండపైన కొన్ని ఊళ్ళలో ఆరుగురికి. ఏటి వైపు పోయేకొద్దీ ఇద్దరికో ఒకరికో. అందరూ డోగోన్‌లే. మరి ఇది రక్తంలో దిగుతోందా, నీళ్ళలో ఉందా, తిండిలోనా? అయోడిన్ అనే పదార్థం ఒంటికి చాలకపోతే ఇలా అవుతుందని అతనికి తెలుసు. ఎందుకు ఒక చోట చాలుతోంది, ఇంకో చోట చాలట్లేదు, అదే తేలాలి. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆడవాళ్ళు తల మీద మోసే బరువంతా మెడలోకి దిగుతుందన్నాడు అపోమీ. చరియలోని ఊటదే తప్పని ఇంకో ముసలాయన అన్నాడు.

యాసిగే బయట నీడలోంచి మెల్లగా అంది.

"నాతోపాటు ఒకే కడుపులో ఉన్నది ఒకతుంది."

డాక్టరు పెన్సిలు ఆగింది. "కవలలా? ఒకేలా ఉంటారా?"

"మా అమ్మ గుర్తుపట్టలేక నాకే రెండుసార్లు పాలిచ్చి దాన్ని ఏడిపించేది. దాన్ని అవతల, పడమటి అంచున ఒక ఊరికిచ్చారు. ఏరు అక్కడికి దగ్గర."

"ఆమె మెడ ఎలా ఉంటుంది?"

"చూసి పదకొండేళ్ళయింది తమ్ముడూ. అమ్మ పోయినప్పుడు వచ్చింది. అప్పటికి నాది కోడిగుడ్డు. దానికేం లేదు. తర్వాత పిల్లలు, తర్వాత కరువు. కబుర్లే గానీ మనిషి కనపడలా."

"బానిసా," అన్నాడు డాక్టరు లేచి నిలబడబోయి, కప్పుకు తల కొట్టుకుని, "రేపు పొద్దున్నే కారెక్కు."

ఆంతింబే రాత్రికి రాత్రే మగ్గం మీదున్న బట్ట కోసి మడతపెట్టాడు, మరదలికి ఇమ్మని. పొద్దున సాగనంపుతూ, "ఆ కారు బాగా ఊగుద్దట. ఓ చేత్తో తలుపు పట్టుకో, ఇంకో చేత్తో మెడ పట్టుకో" అన్నాడు. ఊరి చివరి దాకా ఆమె తిట్లు వినపడ్డాయి.

యాసిగే కారెక్కడం అదే మొదలు. ముందు సీట్లో, ఒళ్ళో ఇరవై ఉల్లి ఉండలతో కూర్చుంది. ఎగుడుదిగుడు బండల దారి. అరగంటలో ఒక ముసలమ్మ కట్టెల మోపుతో ఎదురైంది. యాసిగే కిటికీలోంచి తల బయటపెట్టి పలకరించడం మొదలుపెట్టింది. "ఊరు బాగుందా?" అనేసరికే ముసలమ్మ వెనకబడిపోయింది.

"ఆపు! ఆపవయ్యా!"

డ్రైవరు హడలిపోయి బ్రేకు వేశాడు. "ఏమైందమ్మా?"

"ఏమైందా? సగంలో వదిలేసి పోతే ఆవిడ ఏమనుకుంటుంది? ఇంకా ఇంటిని అడగాలి, పిల్లల్ని అడగాలి, ఎవరి కోడలో అడగాలి. వెనక్కి పోనియ్."

కారు వెనక్కి వెళ్ళింది. పలకరింపు పూర్తయింది. ముసలమ్మ కట్టెలు దించి మరీ జవాబులు చెప్పింది. ఆ రోజు కారు పదిహేడుసార్లు వెనక్కి నడిచింది. డాక్టరు వెనక సీట్లో మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, మొదట్లో గడియారం చూసుకున్నాడు, తర్వాత చూడటం మానేశాడు. ఎందుకంటే ఆమె పలకరించిన ప్రతి మనిషీ ఆగి అతనికి మెడ చూపించి పోతున్నారు. కొండ నడుమ ఒక ఊళ్ళో అయితే జనం కొలతలకు భయపడి తలుపులేసుకున్నారు. అతనికి దుబాసీగా ఉన్న డ్రైవరు మాటలు వాళ్ళకు పట్టలేదు. యాసిగే వాళ్ళ భాషలోనే బావి దగ్గర నిలబడి, "వీడు బోజోవాడు, తిట్టుకోవడానికి ఊరూరా తిప్పుతున్నా, ఊరికే తిట్టుకోవచ్చు రండి!" అని కేకేసింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

మర్నాడు పొద్దెక్కే వేళకు కారు పడమటి అంచు దిగి, చదును నేల మీద యాసిగే కవల యాలెమో ఉండే ఊరు చేరింది. వాకిట్లో ఒకావిడ వడ్లు దంచుతోంది. రోకలి ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

ఇద్దరూ పరుగెత్తలేదు. ఎదురెదురుగా నిలబడి, కళ్ళు దించుకుని, పద్ధతి ప్రకారం పలకరింపు మొదలుపెట్టారు. ఊరు బాగుందా. బాగుంది. ఇల్లు బాగుందా. బాగుంది. మొగుడు, పిల్లలు, మేకలు, ఉల్లి, బావి. ఒక్కటీ వదల్లేదు. చివరి "సేవో" అనగానే యాలెమో రోకలి పారేసి మీద పడింది.

వాకిలంతా పిల్లలు మూగారు. "అమ్మ ఇద్దరయ్యింది! అమ్మకి మెడొచ్చింది!" అని ఒకటే గోల.

కాసేపటికి ఇద్దరూ విడివడి ఒకరినొకరు చూసుకున్నారు. యాసిగే ఇంట్లో అద్దం ఉంది, అరచేతంత ముక్క. అందులో ఎప్పుడు చూసుకున్నా ముఖమే. ఇప్పుడు ఎదురుగా అదే ముఖం, అదే సందుపళ్ళు, ఎడమ కనుబొమ్మలో అదే సుడి. కింద మాత్రం గడ్డం దిగి గొంతు నున్నగా, రెండు సన్నటి ముడతలతో రవికలోకి పోయింది. యాసిగే చెయ్యి చాచి ఆ గొంతును తాకింది. తాను ఎప్పుడో మరిచిపోయిన చోటది. పుట్టినప్పుడు తనకూ ఇలాగే ఇచ్చారు కదా అనుకుంది.

యాలెమో కూడా చెయ్యి చాచింది. యాసిగే మెడ మీది వాపును అరచేత్తో కింద నుంచి పట్టి, బరువు చూస్తున్నట్టు ఎత్తింది. "నొప్పా?"

"లేదు. చరియ ఎక్కేటప్పుడు కొంచెం ఆయాసం."

"పడుకుంటే?"

"దిండు ఎందుకు దండగ!"

యాలెమోకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, ముక్కు చీదింది. ఇద్దరూ నవ్వారు. పక్క ఇళ్ళ గోడల మీద నుంచి తలలు లేచాయి. రెండూ ఒకే నవ్వు, వీధికి అటొకటి ఇటొకటి అన్నట్టు.

డాక్టరుకు ఆగే ఓపిక లేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టాడు. ఎత్తు ఒకటే. తల చుట్టుకొలత ఒకటే. చేతులు, పాదాలు, చెవుల పొడవు, వెంట్రుక వాసి తేడా లేదు. వేలిముద్రల సుడులు కూడా ఇంచుమించు ఒకే తీరు. యాలెమో వేలిని యాసిగే పొడిచింది, యాసిగే వేలిని యాలెమో పొడిచింది. యాలెమో మొదటిసారికే గుచ్చేసింది. చివరికి మెడ చుట్టూ టేపు తిప్పాడు. ఒకరికి ముప్పై మూడు సెంటీమీటర్లు. ఇంకొకరికి యాభై ఒకటి.

అతను టేపు గాల్లోకి విసిరి చిందేశాడు. "రక్తం కాదు! రక్తంలో లేదు! ఉన్నా అదొక్కటే కాదు!"

"వీడికేమైందే?" అంది యాలెమో.

"బోజోవాడు," అంది యాసిగే.

"అలాగా! ముందే చెప్పొద్దూ!" అని యాలెమో నడుం మీద చేతులేసుకుంది. ఏటి దగ్గరి ఊరు కదా, ఆమెకు బోజోల భాషలోనే తిట్టడం వచ్చు. వాళ్ళ నాటుపడవ దగ్గర్నుంచి వాళ్ళ నాయనమ్మ దాకా ఏకధాటిగా తిట్టింది. సొంత భాషలో అంత కమ్మగా తిట్టించుకుని ఎన్నాళ్ళయిందో, డాక్టరు చేతులు జోడించి విన్నాడు.

ఆ తర్వాత వంటింటి మీద పడ్డాడు. కుండలన్నీ తెరిపించాడు. యాలెమో ఇంట్లో ఏటి నుంచి గాడిదల మీద వచ్చే ఎండుచేప, వారంలో సగం రోజులు వరి, పడవల మీద వచ్చే ఉప్పు. యాసిగే ఇంట్లో పొద్దున సజ్జ, మధ్యాహ్నం సజ్జ, సాయంత్రం సజ్జ, దాంట్లోకి బావోబాబ్ చెట్టు ఆకు పులుసు. సంతలో ఎండుచేప వాసన చూసి వెనక్కిచ్చేసే ఊరు. రెండు ఇళ్ళ ఉప్పూ, నీళ్ళూ, పిండీ సీసాలకెత్తుకున్నాడు. చేపలో అయోడిన్ ఉంటుంది, సజ్జ ఒంట్లో దాన్ని అడ్డుకుంటుందేమో, ఏది ఎంత దోషమో ఇంకా చెప్పలేను, బమాకోలో చూడాలి అన్నాడు. అక్కాచెల్లెళ్ళు వినడం లేదు. పదకొండేళ్ళ కబుర్లు మూడు రోజుల్లో పూర్తి చేయాలి.

మరుసటి ఏడు అతను నర్సమ్మతో, బోలెడు మాత్రలతో తిరిగొచ్చాడు. లోపల అయోడిన్ కలిసిన నూనె. ఏడాదికోసారి మింగితే చాలు. పెలూగో ఊరు లొట్టలేసుకుంటూ మింగింది. కొండ మీద ఊళ్ళే మొరాయించాయి. ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా చేసే మందని ఎవరో పుట్టించారు. నర్సమ్మ ఎంత చెప్పినా వినలేదు.

అప్పుడు ఉపాయం చెప్పింది యాసిగేనే. "మాటలు ఎందుకు? మమ్మల్ని చూపించు."

ఆ ఎండాకాలమంతా ఇద్దరూ ఒకే రంగు బట్టలు, ఆంతింబే నేసినవి, కట్టుకుని సంత సంతకూ తిరిగారు. రచ్చబండ లాంటి రాయెక్కి పక్కపక్కన నిలబడేవాళ్ళు. "మేమిద్దరం ఒకే రోజు, ఒకే కడుపున పుట్టాం. ఇది చేప తింది, నేను తినలా; ఆ చేపలో ఉన్నదే ఈ మాత్రలోనూ ఉంది. దీనికి ఆరుగురు పిల్లలు, నాకు ఐదుగురు. దీనికి మెడ లేదు, నాకు మీ అందరికీ పంచేంత ఉంది. ఇక మీ ఇష్టం." జనం పడీపడీ నవ్వి, వచ్చి గొంతులు తడిమి, వరసలో నిలబడేవాళ్ళు. పదమూడు సంతలు తిరిగారు. పదకొండేళ్ళు కలవని వాళ్ళు ఒకే చాప మీద పడుకుని, ఒకే సొరబుర్రలో కల్లు తాగి, డ్రైవరు చేత ఎన్నోసార్లు కారు వెనక్కి నడిపించారు.

మాత్రలతో పిల్లల మెడలు, పావురం గుడ్లంతవి, ఏడాదిలో కరిగిపోయాయి. కోడిగుడ్లు కొన్ని తగ్గాయి. యాసిగేది మాత్రం అంతగా తగ్గలేదు. పాతబడిన వాపు మందుకు లొంగదని డాక్టరు ముందే చెప్పాడు. మోప్తీలో కోసి తీస్తారు, వస్తావా అని అడిగాడు. ఆమె ఆలోచించింది. ఆయాసం పెరగలేదు, తిండి దిగుతోంది. "పెరిగి ఊపిరికి అడ్డమొస్తే నేనే వస్తా. అప్పటిదాకా నా మానాన నన్ను ఉండనియ్," అంది. ఏటేటా అతను వచ్చి టేపు పెట్టి చూసేవాడు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఆ పైన పెద్దకోడలికి పుట్టిన ఇద్దరికీ, చిన్నకోడలికి పుట్టిన ముగ్గురికీ మెడలు నున్నగా వచ్చాయి. యాసిగే వాళ్ళకు నీళ్ళు పోసేటప్పుడు గడ్డాలు పైకెత్తి, ముడతల్లో వేలుపెట్టి మట్టి తీస్తూ, "ఇదిగో, ఇక్కడ ఇంత చోటుంటుందని నాకేం తెలుసు" అని మురిసిపోయేది.

ఆ ఎండాకాలం ఆఖరి సంతలో ఒక కుర్ర కోడలు, మాత్ర మింగి నీళ్ళు తాగి, రాయి మీదున్న వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంతకీ మీలో ఎవరమ్మా పెద్ద?"

"నేనే," అన్నారు ఇద్దరూ.

"నువ్వెలాగే? ముందు వచ్చింది నేను," అంది యాసిగే.

"ముందొస్తే చిన్నదే. వెనక ఉండి నిన్ను తోసింది నేను. పెద్దవాళ్ళేగా తలుపు దగ్గర అందర్నీ పంపి చివర్న వచ్చేది!"

"తోశావా? కాలు పట్టుకుని లాగావని అమ్మ చెప్పింది!"

డాక్టరు పెట్టెలు సర్దించాడు, కారు హారన్ కొట్టించాడు. ఇద్దరూ దిగలేదు. సంత జనం రెండు జట్లుగా చీలి చెరొకరి పక్షాన కేకలేయటం మొదలుపెట్టారు.